కొత్త ఎల్‌పీ లోపంతో వస్తే: విశాఖ నుంచి వాపసు ఎవరితో తేలిక, ఎవరితో తలనొప్పి

కొత్త ఎల్‌పీ (పాటల పెద్ద వినైల్ రికార్డు) కొనేవాళ్లు ధర చూస్తారు, అట్ట మీద బొమ్మ చూస్తారు, 180 గ్రాముల బరువుదా మామూలుదా అని అడుగుతారు. విశాఖలో కూర్చుని తెప్పించుకునేవాళ్లు వీటన్నిటికంటే ముందు చదవాల్సింది ఆ దుకాణం వాపసు నిబంధనలు. మనకి కొత్త రికార్డంటే చాలామటుకు ముంబయి నుంచో, బెంగళూరు నుంచో, ఒక్కోసారి సముద్రం దాటో వచ్చే పార్శిలే. రెండు వేల నుంచి నాలుగైదు వేలు పోసి తెప్పించింది టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు) మీద పడవలా ఊగుతుంటే ఏం చేయాలో డబ్బు కట్టకముందే తెలిసుండాలి. బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకుంటే సరి: 180 గ్రాముల రికార్డూ వంగుతుంది, దానికీ నడిమి బెజ్జం పక్కకి పోతుంది. బరువు నాణ్యతకి హామీ కాదు.

అసలు చిక్కు ఏంటంటే, రికార్డులో లోపాలు రెండు రకాలు. కంటికి కనిపించేవి కొన్ని, చెవికి మాత్రమే దొరికేవి కొన్ని. ఆన్‌లైన్ రిటర్న్ పద్ధతంతా మొదటి రకాన్ని దృష్టిలో పెట్టుకుని ఏర్పాటు చేసింది. గోడౌన్లో వాపసు సరుకు తనిఖీ చేసే మనిషి దగ్గర టర్న్‌టేబుల్ ఉండదు. అందుకే ఒకే లోపానికి ఒక దుకాణం మాట్లాడకుండా డబ్బు వెనక్కి ఇస్తుంది, ఇంకోటి ‘మా తనిఖీలో లోపం కనబడలేదు’ అని అదే రికార్డుని మళ్లీ మీకే పంపుతుంది. కాబట్టి చెవికి దొరికిన లోపాన్ని కంటికి కనిపించేలా చూపించగలిగితే సగం పని అయినట్టే.

పెట్టె విప్పేటప్పుడు

వీడియో తప్పనిసరి. ‘అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే వాపసు లేదు’ అని మన దేశంలో చాలా దుకాణాలు ముందే రాసి పెట్టుకుంటాయి. ఆ వీడియోలో కోత ఉండకూడదు. ఫోను స్టాండుకి పెట్టి, ముందు పార్శిల్ మీద చిరునామా, ట్రాకింగ్ నంబరు చదవగలిగేలా చూపించాలి. తర్వాత పెట్టె ఆరు వైపులా, నాలుగు మూలలూ. ఆ తర్వాతే టేపు కోయాలి. లోపలి ప్యాకింగ్, సీలు, అట్ట మూలలు, అంచులు, చివరికి రికార్డు రెండు వైపులా దీపం కింద వంచి చూపించాలి. మొత్తం నాలుగైదు నిమిషాల పని. టేపు కోసేశాక గుర్తొచ్చి మళ్లీ పెట్టెలో సర్ది తీసిన వీడియోని ఎవరూ ఒప్పుకోరు.

సీలు ప్లాస్టిక్‌ని అట్ట తెరుచుకునే వైపు మాత్రమే బ్లేడుతో సన్నగా కోసి, మిగతాది అలాగే ఉంచండి. దాని మీద అతికించిన స్టిక్కరు కూడా సరుకులో భాగమేనని వాదించే దుకాణాలున్నాయి. వాపసు గడువు దాటాక మాత్రం ఆ ప్లాస్టిక్ తీసేయడం మేలు. బిగుతుగా ఉంటే అదే కాలక్రమాన అట్టనీ, దాంతోపాటు రికార్డునీ వంచుతుంది.

‘సీలు విప్పితే వాపసు లేదు’ అనే షరతు కొన్నిచోట్ల కనిపిస్తుంది. రికార్డు విషయంలో దానికి అర్థం లేదు, సీలు విప్పకుండా లోపం తెలిసే దారే లేదు కదా. ఆ షరతున్న చోట ధర ఎంత తక్కువైనా కొనొద్దని మా సలహా.

మన ఊరి వాతావరణం గురించి రెండు మాటలు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా మధ్యాహ్నం డెలివరీ అయ్యే పార్శిల్ గంటల తరబడి ఎండలో నిలబడ్డ వ్యానులోంచి వస్తుంది. రికార్డు తయారయ్యే పీవీసీ 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలెడుతుంది. మూసేసిన బండిలో, పైన ఇంకో పది పెట్టెల బరువు పడితే దానికంటే తక్కువ వేడికే ఆకారం మారొచ్చు. వేడిగా ఉన్న పెట్టెని అందుకోగానే విప్పి, వెంటనే టర్న్‌టేబుల్ ముల్లు పెట్టేయకండి. గది చల్లదనానికి రానిచ్చి చూడండి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో తడిసిన పెట్టె వస్తే డెలివరీ బాయ్ ముందే ఫొటో తీసి, తీసుకోనని చెప్పి తిప్పి పంపేయడం అన్నిటికంటే తేలికైన వాపసు. ఒకసారి తీసుకున్నాక తడి ఎక్కడ తగిలిందన్న వాదన మొదలవుతుంది.

లోపానికి సరైన పేరు పెట్టడం

‘సౌండ్ బాగోలేదు’ అని రాస్తే ఏ దుకాణమూ పట్టించుకోదు. ఏ సైడు, ఎన్నో పాట, ఎన్ని నిమిషాల దగ్గర, ఏ రకం చప్పుడు అన్నది రాయాలి. అందుకు ముందు మన టర్న్‌టేబుల్ సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవాలి, దుకాణంవాళ్ల మొదటి ప్రశ్న అదే. ముల్లు రికార్డు మీద మోపే బరువుని గేజుతో కొలవండి. కార్ట్రిడ్జి (ముల్లు బిగించి ఉండే భాగం) ఆడియో టెక్నికా వీఎం95ఈ అయితే 2 గ్రాములు, ఆర్టోఫోన్ 2ఎం రెడ్ అయితే 1.8 గ్రాములు. బరువు తక్కువైతే మంచి రికార్డు కూడా గెంతుతుంది. సూట్‌కేసు మోడల్ ప్లేయర్ల మీద బేస్ ఎక్కువున్న పాటలు గెంతడం మామూలే, ఆ కారణంతో వాపసు అడిగితే దుకాణం కాదనడంలో తప్పు లేదు. ఇంకో రెండు రికార్డులు అదే చోట, అదే బరువుతో సవ్యంగా పాడుతున్నాయని చూసుకున్నాకే కొత్తదాన్ని అనుమానించాలి.

వంకరతో మొదలుపెడదాం. రికార్డుని టర్న్‌టేబుల్ మీద పెట్టి, కళ్లు దాని అంచు ఎత్తుకి తెచ్చి, తిప్పి చూడండి. పక్కన స్టీలు స్కేలు నిలబెడితే అంచు ఎంత లేస్తోందో వీడియోలో తెలుస్తుంది. ఒక మిల్లీమీటరు లోపు మెల్లగా లేచి దిగే అల వల్ల చాలా టోన్‌ఆర్ములకి (ముల్లుని మోసే చేతులకి) ఇబ్బంది ఉండదు, పాటలో తేడా వినబడదు. దానికి వాపసు అడిగి గెలవడం కష్టం, గెలిచినా వచ్చే బదులు రికార్డు ఇంతకంటే సమంగా ఉంటుందన్న భరోసా లేదు. రెండు మిల్లీమీటర్లు దాటితే, లేదా చిన్న జాగాలో నిట్టనిలువుగా లేస్తే అడగాల్సిందే. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎత్తు తక్కువైనా ముల్లుని గాల్లోకి ఎగరేస్తుంది. గిన్నెలా లోపలికి గుంటపడ్డ రకం ఇంకోటుంది. ఒక వైపు సమంగా కూర్చున్నట్టే కనిపిస్తుంది, తిరగేస్తే మధ్యలో ఉబ్బి ఉంటుంది. కాబట్టి రెండు వైపులా పెట్టి చూడండి. ప్రెస్సు (రికార్డుని అచ్చుల మధ్య నొక్కి తయారుచేసే యంత్రం) నుంచి తీసిన రికార్డు పూర్తిగా చల్లారకముందే కట్టలుగా పేర్చేస్తే ఇలా అవుతుంది.

బెజ్జం పక్కకి పోవడం చాలామంది గుర్తుపట్టని లోపం, సంగీతాన్ని ఎక్కువ పాడుచేసేదీ అదే. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. బెజ్జం సరిగ్గా మధ్యలో లేకపోతే ముల్లు కింద గాడి (పాట చెక్కిన సన్నటి చాలు) ప్రతి 1.8 సెకన్లకీ ఒకసారి దగ్గరకీ దూరానికీ జరుగుతుంది, దాంతో శ్రుతి పైకీ కిందకీ ఊగుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఒప్పుకునేది 0.2 మిల్లీమీటర్ల వరకే. అర మిల్లీమీటరు తప్పిందనుకోండి. అంచు దగ్గర, అంటే మధ్య నుంచి 146 మిల్లీమీటర్ల దూరంలో, శ్రుతి తేడా సుమారు 0.34 శాతం. లోపలి చివర 60 మిల్లీమీటర్ల దగ్గర అదే తేడా 0.83 శాతానికి పెరుగుతుంది. అందుకే ఈ లోపం సైడు చివరి పాటలో బాగా తెలుస్తుంది. డప్పులు, గిటార్లు మోగే హడావిడి పాటలో పట్టుబడదు. తంబూరా శ్రుతి, వీణ మీద పొడుగ్గా లాగిన స్వరం, పియానో ఒక్క మెట్టు నిలిచి మోగడం వింటే ఇట్టే దొరికిపోతుంది. కచేరీ రికార్డులు కొనేవాళ్లకి దీని మీద చెవి తప్పక ఉండాలి.

దుకాణానికి దీన్ని చూపించే పద్ధతి సులువు. ముల్లు గాడిలో ఉండగా కార్ట్రిడ్జిని ఎదురుగా దగ్గరనుంచి పది చుట్లు, అంటే 18 సెకన్లు, వీడియో తీయండి. అర మిల్లీమీటరు తప్పితే కార్ట్రిడ్జి మొత్తం ఒక మిల్లీమీటరు మేర అటూ ఇటూ ఊగుతుంది, వెనక స్కేలు పెడితే ఎవరికైనా కనిపిస్తుంది. చెవి లోపం కంటి లోపంగా మారడమంటే ఇదే. రెండు సైడులూ విడివిడిగా చూడండి. ప్రెస్సులో పైఅచ్చు, కిందఅచ్చు దేనికది కేంద్రం సరిచూసి బిగిస్తారు, అందువల్ల ఒక సైడు బాగుండి రెండోది తప్పడం సాధారణం. బెజ్జం మామూలు కొలత 7.24 మిల్లీమీటర్లు. బిగుతుగా ఉండి రికార్డు కిందకి కూర్చోకపోతే అదీ చెప్పొచ్చు. రీమరుతోనో కత్తెరతోనో మీరే పెద్దది చేశారా, వాపసు హక్కు అక్కడితో పోయినట్టే.

గాడి నిండకపోవడం అనేది ఫ్యాక్టరీ లోపాల్లో అన్నిటికంటే మొండిది. వేడి చేసిన పీవీసీ ముద్దని రెండు అచ్చుల మధ్య నొక్కినప్పుడు వేడో, ఒత్తిడో, సమయమో చాలకపోతే ప్లాస్టిక్ గాడి మూలల్లోకి పూర్తిగా పాకదు. చప్పుడు ఎలా ఉంటుందంటే కాగితాన్ని బర్రున చింపినట్టు, తరచూ ఒక్క స్పీకరులోనే. గది చీకటి చేసి ఫోను టార్చిని రికార్డు ఉపరితలానికి దాదాపు సమాంతరంగా, పక్కనుంచి వేయండి. నల్లటి మెరుపు మధ్య బూడిదరంగు లేదా వెండిరంగు మచ్చలు, చిన్న చుక్కల వరసలు కనిపిస్తాయి. వీటిని నేరుగా వేసిన దీపం కింద వెతికితే దొరకవు. ఎంత కడిగినా ఈ చప్పుడు పోదు, ఎందుకంటే అక్కడ మురికి లేదు, ఉండాల్సిన ప్లాస్టిక్కే లేదు. ఈ మాట ఫిర్యాదులో రాయండి: ‘కడగక ముందు, కడిగిన తర్వాత ఒకే చోట ఒకే చప్పుడు.’

కడగడమంటే వాపసు గడువులో ఉన్నప్పుడు పొడి కార్బన్ బ్రష్షు, అవసరమైతే డిస్టిల్డ్ వాటరుతో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ, అంతే. గాడి వెంబడే తుడవాలి, లేబులు తడవకూడదు. స్పిరిట్లు, సబ్బు ద్రావణాలు ఇప్పుడొద్దు. మరక మిగిలితే ‘వాడేసిన సరుకు’ అంటారు.

టిక్ టిక్ చప్పుళ్లకి స్టాప్‌వాచ్ చాలు. పది టిక్కులు 18 సెకన్లలో వస్తే అది గాడికి అడ్డంగా పడిన గీత, లేదా లోపల ఇరుక్కున్న బొడిపె. 45 వేగం రికార్డయితే 13 సెకన్ల పైచిలుకు. లెక్క లేకుండా అక్కడొకటి ఇక్కడొకటి వచ్చేవి దుమ్ము, స్టాటిక్ (స్థిర విద్యుత్తు). సముద్రపు గాలి తేమ వల్ల మన ఇళ్లల్లో స్టాటిక్ బాధ తక్కువే, ఏసీ గదుల్లో తప్ప. 22 నిమిషాల సైడులో ముల్లు సుమారు 730 చుట్లు తిరుగుతూ 85 మిల్లీమీటర్ల వెడల్పు దాటుతుంది. ఆ లెక్కన 3 మిల్లీమీటర్ల గీత పాతిక చుట్లు, అంటే ముప్పావు నిమిషం టిక్కుమంటుంది. కంటికి చిన్న గీతే, పాటలో మాత్రం ఒక చరణం పోయినట్టు. ఈ లెక్క ఫిర్యాదులో చేరిస్తే అవతలివాళ్లు ‘చిన్న గీతకి వాపసు ఉండదు’ అనలేరు.

లోపలి కాగితం కవరు రాసుకుని పడే వెంట్రుకవాసి గీతలు వేరు. చేతికి తగలవు, చెవికి వినబడవు. వీటికి గొడవపడి లాభం లేదు.

తప్పు రికార్డు లోపల ఉండటం కూడా జరుగుతుంది. రెండు రికార్డుల సెట్‌లో రెండూ ఒకటే ఉండటం, లేబులు ఒకటి పాట ఇంకొకటి కావడం. పాటలు అయిపోయాక లేబులుకి ముందుండే నున్నటి భాగంలో చెక్కిన అంకెలు, అక్షరాలు చూడండి, సైడుని గుర్తించే అసలు ఆధారం అదే. దాని ఫొటో, లేబులు ఫొటో పక్కపక్కన పెడితే వాదన ఉండదు.

లోపం కానివి కూడా చెప్పుకోవాలి. బొమ్మ ముద్రించిన పిక్చర్ డిస్కుల్లో గాడి పడేది సాధారణ పీవీసీ మీద కాదు, బొమ్మ పైన వేసిన పల్చటి పారదర్శక పొర మీద. అందుకని బుస్సుమనే చప్పుడు దాని స్వభావం. సైడు చివరి పాటలో ‘స’, ‘శ’ అక్షరాలు గరగరలాడితే ముందు కార్ట్రిడ్జి అమరిక ప్రొట్రాక్టరుతో (కోణం సరిచూసే కొలబద్దతో) చూసుకోండి. ఏ రికార్డు పెట్టినా గుయ్యిమంటుంటే అది ఎర్తు వైరు సంగతి.

మార్చమనాలా, డబ్బు ఇమ్మనాలా

చాలామంది ఆలోచించకుండా బదులు రికార్డు అడుగుతారు. లోపం ఎక్కడ పుట్టిందో చూసి అడగాలి. గీత, అట్ట మూల నలగడం, అట్ట అంచు చీలడం ఆ ఒక్క కాపీకి సంబంధించినవి. మార్చమని అడగండి, రెండోది బాగుండే అవకాశం ఎక్కువ. గాడి నిండకపోవడం ప్రెస్సు ఒక్కో నొక్కుకీ మారుతుంది కాబట్టి మారిస్తే పనవ్వొచ్చు, అవ్వకపోవచ్చు. అచ్చు పక్కకి బిగించడం వల్ల వచ్చిన శ్రుతి ఊగులాట, తప్పు రికార్డు అయితే ఆ అచ్చుతో ఆ విడత నొక్కినవన్నీ అలాగే ఉంటాయి. అదే దుకాణం అదే పెట్టెలోంచి ఇంకోటి తీసి పంపితే అదే లోపం మళ్లీ వస్తుంది, ఈలోగా మీ వాపసు గడువు కాస్తా అయిపోతుంది. అక్కడ నేరుగా డబ్బే అడగాలి. వంకర మధ్యరకం. ఒకే పెట్టెలో వచ్చిన కాపీలన్నీ ఒకేలా వంగి ఉండటం అరుదేం కాదు. పంపేముందు విప్పి చూసి పంపుతామంటేనే మార్పిడికి ఒప్పుకోండి.

ఒకప్పుడు గ్రామఫోన్ కంపెనీ కలకత్తా దగ్గర దమ్‌దమ్‌లో రికార్డులు ప్రెస్ చేసేది. ఇప్పుడు మన అంగట్లో దొరికే కొత్తవి చాలావరకు విదేశాల్లో ప్రెస్సయి దిగుమతయ్యేవే. ఇక్కడి దుకాణం దగ్గర ఒక్కో పేరుకి కొద్ది కాపీలే ఉంటాయి. బదులు లేదంటే అది సాకు కాకపోవచ్చు.

ఎవరు ఎలా

రికార్డులు మాత్రమే అమ్మే ప్రత్యేక దుకాణాలు: అయిదుకి నాలుగున్నర. అవతల ఫోనెత్తే మనిషికి టర్న్‌టేబుల్ ఉంటుంది, గాడి నిండకపోవడమంటే ఏంటో చెప్పక్కర్లేదు. వాట్సాప్‌లో 20 సెకన్ల వీడియో పంపితే విషయం తేలిపోతుంది. రికార్డుని అట్ట బయట, వేరే కవరులో పెట్టి పంపడం కూడా వీళ్ల దగ్గరే చూస్తాం. అర మార్కు ఎక్కడ తగ్గిందంటే, గడువు మరీ చిన్నది. డెలివరీ అయిన 48 గంటల్లో చెప్పాలనే షరతు మామూలు. శుక్రవారం వచ్చిన పార్శిల్‌ని ఆదివారం సాయంత్రం విప్పుదామనుకుంటే కుదరదు. డబ్బుకి బదులు స్టోర్ క్రెడిట్ (మళ్లీ అక్కడే కొనుక్కోవడానికి జమ) అంటగట్టే అలవాటు కూడా కొందరికుంది. లోపమున్న సరుకుకి క్రెడిట్ ఒప్పుకోవాల్సిన అవసరం లేదు.

పెద్ద మార్కెట్‌ప్లేసులు: మూడు. పికప్ వీళ్లకున్నంత బాగా ఎవరికీ లేదు. గాజువాక అయినా మధురవాడ అయినా మనిషి ఇంటికొచ్చి తీసుకెళ్తాడు, పంపే ఖర్చు మీది కాదు. అయితే కొనేముందే అమ్మకందారు ఎవరో, ఆ సరుకుకి ‘డబ్బు వాపసు’ ఉందా ‘మార్పిడి మాత్రమే’ ఉందా చూడండి, ఒకే పేరు రికార్డుకి ఇద్దరు అమ్మకందారుల దగ్గర రెండు రకాలుగా ఉంటుంది. కారణం ఎంచుకునే చోట ‘నచ్చలేదు’ నొక్కొద్దు, ‘లోపం ఉంది’ అనేదే నొక్కండి. వ్యాఖ్యల పెట్టెలో ముందు కంటికి కనిపించేది రాయండి: వంకర ఎన్ని మిల్లీమీటర్లు, బూడిద మచ్చ ఏ పాట దగ్గర, కార్ట్రిడ్జి ఎంత ఊగుతోంది. వినిపించేది ఆ తర్వాత. చాట్‌లో మాట్లాడే మనిషికి ‘ఇన్నర్ గ్రూవ్’ (లేబులు దగ్గరి లోపలి గాడి) అంటే ఏంటో తెలియాలని ఆశించకండి. పికప్‌కి వచ్చినతను తలుపు దగ్గరే సీలు, స్టిక్కరు చూసి ‘విప్పేశారు, తీసుకోను’ అంటే అతనితో వాదించి లాభం లేదు. రద్దు చేయించకుండా, ‘పికప్ నిరాకరించారు’ అని చాట్‌లో నమోదు చేయించి మళ్లీ పెట్టించుకోవాలి.

మ్యూజిక్ కంపెనీల సొంత వెబ్‌సైట్లు: మూడున్నర. లోపమొప్పుకుంటే ఏ ఇబ్బందీ పెట్టరు, పైగా ఫలానా విడత అంతా చెడిందని ముందు తెలిసేదీ వీళ్లకే. జవాబు రావడానికి మాత్రం ఓపిక కావాలి, ఉత్తరం మీద ఉత్తరం రాయాల్సి వస్తుంది.

విదేశీ దుకాణాలు: రెండు. తప్పు వాళ్ల మర్యాదది కాదు, దూరానిది. తిప్పి పంపే ఖర్చు రికార్డు ధరతో పోటీ పడుతుంది, కట్టిన కస్టమ్స్ సుంకం వెనక్కి రాబట్టడం ఒక్క రికార్డు కోసం పెట్టుకునే పని కాదు. అందువల్ల అక్కడ అడగాల్సింది పాక్షిక వాపసు, లేదా రికార్డు మీ దగ్గరే ఉంచుకుని పూర్తి డబ్బు. పేపాల్‌తో కట్టుంటే వివాదం పెట్టడానికి 180 రోజుల గడువుంది. ఓడ మీద వచ్చే నెమ్మది పార్శిళ్లకి అది నిజంగా అక్కరకొస్తుంది.

ఇక ఊళ్లో దుకాణాలు. ఆడియో సామాన్లతో పాటు నాలుగు రికార్డులు పెట్టుకున్న చోట ఎంపిక తక్కువ, కానీ అక్కడే డెమో టర్న్‌టేబుల్ మీద పెట్టించుకుని, వంకర, ఊగులాట రెండూ అయిదు నిమిషాల్లో చూసి కొనొచ్చు. వాపసే అవసరం పడని కొనుగోలు కాబట్టి నాలుగు మార్కులు. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి, ‘మనోళ్లే కదండీ’ అన్నా సరే.

తిప్పి పంపే ప్యాకింగ్

వాపసులో ఓడిపోయే చోటు ఇదే. దారిలో అట్ట నలిగితే ఆ నింద మీ మీద పడుతుంది. వచ్చిన పెట్టె పారేయకుండా ఉంచితే సగం బాధ తప్పుతుంది. లేకపోతే పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల అట్టపెట్టెలు అమ్మేవాళ్ల దగ్గర మూడు పొరల అట్ట దొరుకుతుంది. ఎల్‌పీ అట్ట సుమారు 31.5 సెంటీమీటర్ల చదరం. దానికి ముందొకటి, వెనకొకటి 33 సెంటీమీటర్ల అట్టముక్కలు కోయండి. ఒకదాని లోపలి ముడతల వరసలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండాలి, అప్పుడే ఏ వైపుకీ వంగదు. రికార్డుని లోపలి కవరుతో సహా అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనక పెట్టండి. లోపలే వదిలేస్తే దారిలో పెట్టె కుదుపుకి రికార్డు అంచు కత్తిలా అట్ట కుట్టుని చీల్చుకుని బయటికొస్తుంది. పైన ప్లాస్టిక్ కవరు, ఆ పైన అట్టముక్కలు, నాలుగు వైపులా టేపు, తర్వాత పెట్టె. బబుల్ ర్యాప్ చుడితే బుడగలు రికార్డు వైపు ఉండకూడదు.

పెట్టె మందం కూడా లెక్కే. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి బరువు కడతాయి. 35×35×5 పెట్టె 1.2 కిలోల పైన పడుతుంది. అదే 3 సెంటీమీటర్ల మందమైతే 0.74 కిలో. లోపలి సరుకు అరకిలో పైచిలుకే. దుకాణం పికప్ పెట్టకుండా ‘మీరే పంపండి, ఖర్చు తర్వాత ఇస్తాం’ అంటే, ఆ మాట ఎంత వరకు ఇస్తారో అంకెతో సహా రాతలో తీసుకున్నాకే ద్వారకానగర్ కొరియర్ ఆఫీసుకి బయల్దేరండి. హైదరాబాద్ దుకాణమైతే ఆర్టీసీ కార్గో చవకే గానీ, పెట్టె పడుకోబెడతారో నిలబెడతారో, పైన ఏం పెడతారో మన చేతుల్లో ఉండదు. మే నెలలో మాత్రం వద్దు.

కుదరనప్పుడు

2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకోకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లులో గడువే రాయకపోతే 30 రోజులు. 2020లోనే వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. దుకాణం వెబ్‌సైటులో గ్రీవెన్స్ ఆఫీసరు (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, మెయిలు వెతికి నేరుగా అక్కడికే రాయండి, కస్టమర్ కేర్ చాట్‌లో తిరగడం కంటే మేలు. జవాబు లేకపోతే 1915కి ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించాలి.

దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు ముంబయిలో ఉన్నా, కొన్న మీరు విశాఖలో ఉంటే ఇక్కడే వేయొచ్చు, అది పాత చట్టంలో లేని సౌకర్యం. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. మూడు వేల రికార్డు కోసం అంత దూరం వెళ్లాలా అన్నది మీ ఓపికని బట్టి. సాధారణంగా గ్రీవెన్స్ ఆఫీసరుకి రాసిన రెండో ఉత్తరంలో ఆ 2019 చట్టంలో అక్రమ వ్యాపార పద్ధతుల గురించి చెప్పే సెక్షన్ 2(47) అని పేర్కొనడంతోనే పని అవుతుంది.

డబ్బు వెనక్కి ఇచ్చి ‘రికార్డు మీరే ఉంచుకోండి’ అని ఒక్కోసారి అంటారు. ఆ మాట మెయిల్లో రప్పించుకోండి. కొన్ని దుకాణాలు లేబులు మీద పెన్నుతో అడ్డంగా కొట్టేసి ఫొటో పంపమంటాయి, మళ్లీ కొత్తదిగా అమ్మకుండా. కార్డు స్టేట్‌మెంటులో డబ్బు పడే దాకా ఆ పని చేయకండి, పెట్టెనీ పారేయకండి.